ముద్దాయి అనే మాట

3 నవంబర్ 2025, సోమవారం

ఈ నెల నుంచి మా కోర్టుకి రిమాండ్ అడ్వకేటుగా నన్ను వేశారు. అరెస్టయి మొదటిసారి మేజిస్ట్రేట్ ముందుకి వచ్చినవాళ్లకి సొంత లాయరు లేకపోతే వాళ్ల తరఫున నిలబడడం నా పని. ఫీజు న్యాయసేవాధికార సంస్థ ఇస్తుంది, వాళ్లు పైసా ఇవ్వక్కర్లేదు. ఈ నోటుబుక్కు అందుకోసమే కొన్నాను. ఎవరి పేరూ రాయను. చూసింది, చేసింది, చేయలేకపోయింది రాసుకుంటాను.

మొదటిరోజు చేయలేకపోయిందే రాయాల్సి వస్తోంది.

సాయంత్రం నాలుగున్నరకి ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక కుర్రాణ్ణి తెచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయి. ఎవరిదో పొలంలో కరెంటు మోటారు పోయిందని కేసు. నేను హాల్లోకి వెళ్లేసరికే రిమాండ్ రిపోర్టు బెంచి మీదకి చేరింది. మేజిస్ట్రేట్ గారు అడగవలసినవన్నీ అడిగారు. ఎందుకు అరెస్టు చేశారో చెప్పారా? ఇంట్లోవాళ్లకి కబురు చేశారా? కొట్టారా? లాయరున్నాడా? నాలుగింటికీ అతని నోట ఒకటే మాట: “ఏం లేదు సార్.”

లాయరున్నాడా అంటే ఏం లేదు అనొచ్చు. ఎందుకు అరెస్టు చేశారో చెప్పారా అన్నదానికి అది జవాబే కాదు. ప్రశ్న అతని చెవిదాకా వెళ్లలేదన్నమాట. పక్కన మూరెడు దూరంలో కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. ఆరేడు నిమిషాల్లో అంతా అయిపోయింది. 14 రోజులు రిమాండ్.

వ్యాను ఎక్కబోతూ నావైపు తిరిగాడు. “అక్కా, పద్నాలుగు రోజులేనా శిక్ష? తర్వాత ఇంటికి పోవచ్చా?”

శిక్ష కాదు తమ్ముడూ, కేసు ఇంకా మొదలే కాలేదు, ఇవాళ నిన్ను నేరం చేశావా లేదా అని ఎవరూ అడగలేదు అని చెబుతుండగానే తలుపు వేశారు.

4 నవంబర్, మంగళవారం

రాత్రంతా ఆ “ఏం లేదు సార్” చెవిలోనే ఉంది. పొద్దున్నే మా సీనియర్ గారి గుమాస్తాకి చెప్పాను. ఆయనది నలభై ఏళ్ల కోర్టు అనుభవం, చదువంతా ఉర్దూ మీడియం. అంతా విని ఒక ప్రశ్న వేశారు. “ముద్దాయి అంటే ఏమిటమ్మా?” నిందితుడు కదా అన్నాను. “తెలుగులో అంతే. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నాకు రావలసింది ఇది అని అడిగేవాడు. ఎవరి మీద దావా వేస్తారో అతను ముద్దాఅలైహ్. మన దగ్గరికొచ్చేసరికి మాట తిరగబడింది.”

ఇన్నేళ్లుగా రోజుకి వందసార్లు రాస్తున్న మాట, దాని అర్థం ఇవాళ తెలిసింది. ముద్దాయి అంటే అడిగేవాడు. మా హాల్లో నిలబడే ముద్దాయికి మాత్రం అడగడం ఒక్కటే రాదు.

అడగడానికి ఏముందో రాసుకుంటాను. రాజ్యాంగం 22వ అధికరణం మొదటి ఖండం ప్రకారం ఎందుకు అరెస్టు చేశారో అతనికి వెంటనే చెప్పాలి, తనకి నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి. రెండో ఖండం ప్రకారం, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకి తేవాలి. 20వ అధికరణం మూడో ఖండం ప్రకారం తన మీద తనే సాక్ష్యం చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. 2024 జూలై 1 నుంచి సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇవే ఇంకా వివరంగా ఉన్నాయి. బంధువుకో స్నేహితుడికో కబురు పంపడం 48వ సెక్షన్. విచారణ జరుగుతుండగా లాయరుని కలవడం 38వ సెక్షన్. డాక్టరు పరీక్ష, దాని నకలు 53వ సెక్షన్.

అడగకపోతే ఇవి పోతాయా? పోవు. బీహార్‌లోని భాగల్పూర్‌లో పోలీసుల చేతుల్లో ఉన్నవాళ్ల కళ్లు పొడిచి యాసిడ్ పోసిన కేసు 1980లో సుప్రీంకోర్టుకి చేరినప్పుడు, వాళ్లకి లాయర్లని ఎందుకు ఇవ్వలేదు అన్న ప్రశ్న వచ్చింది. వాళ్లు అడగలేదు కాబట్టి అన్నది కింది నుంచి వచ్చిన జవాబు. జస్టిస్ భగవతి ఆ జవాబుని ఒప్పుకోలేదు. మేజిస్ట్రేట్ ముందు మొట్టమొదట హాజరుపరిచిన రోజు నుంచే పేదవాడికి ఉచితంగా లాయరుని ఇవ్వాలి, ఆ హక్కు ఉందని మేజిస్ట్రేటే అతనికి చెప్పాలి అని తీర్పు రాశారు.

కళ్లు పోయినవాళ్లు అడగలేదట. నిన్నటి కుర్రాడు కూడా అడగలేదు. నేను అతనికంటే ముందు హాల్లో ఉండాల్సింది. రేపటి నుంచి మూడున్నరకే వరండాలో కూర్చుంటాను.

7 నవంబర్, శుక్రవారం

నిన్న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్ ధర్మాసనం, మహారాష్ట్ర నుంచి వెళ్లిన కేసు. అరెస్టుకి కారణాలు ఇకమీదట అన్ని నేరాల్లోనూ రాతపూర్వకంగా ఇవ్వాలి, అదీ అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అప్పటికప్పుడు రాసివ్వడం కుదరకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేట్ ముందుకి తెచ్చే వేళకి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. అలా జరగకపోతే అరెస్టు, రిమాండ్ రెండూ చెల్లవు.

ఆ రెండు గంటలు నాకు చాలా పెద్దవిగా కనిపించాయి. కాగితం చదివించుకోవడానికి, ఇంటికి ఫోను చేయడానికి, నాలాంటి ఒకరు పక్కన కూర్చుని మాట్లాడడానికి సరిపోయే వ్యవధి అది. సోమవారం కుర్రాడికి రెండు నిమిషాలు కూడా దొరకలేదు.

అతని కాగితాలు ఇవాళ మళ్లీ చూశాను. అరెస్టు మెమో మీద అతని సంతకం ఉంది, సాక్షిగా ఇంటివాళ్ల సంతకం లేదు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో కేసు ఉంది కదా అని అరెస్టు చేయకూడదు, అవసరం ఏమిటో పోలీసులు కారణాలు రాయాలి, మేజిస్ట్రేట్ వాటిని చూసి తృప్తి చెందాకే రిమాండ్ ఇవ్వాలి అని 2014 జూలైలో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలుగా నోటీసు ఇచ్చి పిలిస్తే చాలు. సెక్షన్ మారి 35 అయినా స్టేషన్లలో ఇప్పటికీ దాన్ని 41-ఏ నోటీసు అనే అంటారు. ఈ మాట సోమవారమే నిలబడి అనవలసింది నేను. బెయిలు పిటిషన్ వేశాను.

9 నవంబర్, ఆదివారం

ఇవాళ న్యాయసేవల దినం. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987లో చేసినా అమల్లోకి వచ్చింది 1995 నవంబర్ 9న. నేటికి ముప్పై ఏళ్లు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందులోని 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు.

సెలవు కాబట్టి హాజరు మేజిస్ట్రేట్ గారి క్వార్టర్స్‌లో. గేటు బయట ఒక తల్లి నిలబడి ఉంది. కొడుకుని శుక్రవారం దీపాలు పెట్టే వేళకి ఇంటినుంచి తీసుకెళ్లారంది. అరెస్టు మెమోలో శనివారం సాయంత్రం ఆరు అని ఉంది. మధ్యలో ఒక రాత్రి, ఒక పగలు. ఆ 24 గంటలు ఏ కాగితంలోనూ లేవు.

వరండాలో మేజిస్ట్రేట్ అయ్యగారితో ముందే ఒక మనవి చేసుకున్నాను: ప్రశ్నలు అడిగేటప్పుడు కానిస్టేబుళ్లు కాస్త దూరంగా ఉంటే బాగుంటుందని. ఆయన ఒక క్షణం ఆలోచించి వాళ్లని గేటు దగ్గర నిలబడమన్నారు. తర్వాత సోమవారం అడిగిన ప్రశ్నలే అడిగారు. ఈ కుర్రాడు మొదట నన్ను చూశాడు, తర్వాత గేటువైపు చూశాడు. అరికాళ్లు చూపించాడు.

అయ్యగారు చూసింది చూసినట్టు రికార్డు చేశారు. తల్లిని లోపలికి పిలిచి ఆమె చెప్పిన వేళ కూడా రాసుకున్నారు. గడియారం మెమో రాసినప్పటి నుంచి తిరగదు, మనిషిని పట్టుకున్నప్పటి నుంచి తిరుగుతుంది అని మన తెలంగాణ హైకోర్టు 2024లో చెప్పిన సంగతి గుర్తుచేశాను. ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి శుక్రవారం రాత్రి రికార్డింగు చెరిగిపోకుండా భద్రపరచమని మెమో వేశాను. కుర్రాణ్ణి ప్రభుత్వాసుపత్రికి పంపి పరీక్ష చేయించమని, రిపోర్టు నకలు అతనికి ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది.

ప్రశ్నలు అవే. మారింది కానిస్టేబుళ్లు నిలబడిన చోటు. పాతిక అడుగులు.

13 నవంబర్, గురువారం

ఛత్తీస్‌గఢ్ నుంచి పత్తి తీతకి వచ్చిన కూలీ. గుడిసెల దగ్గర కొట్లాట కేసు. మాట్లాడేది కోయ. అరెస్టు కారణాల కాగితం తెలుగులో ఉంది, కింద వేలిముద్ర ఉంది. కొత్త తీర్పు వచ్చిందని కాబోలు, కాగితం మాత్రం తయారుగా ఉంది.

మా అటెండరు గారిది కోయ కుటుంబమే. అయ్యగారి అనుమతితో ఆయనే ఒక్కొక్క ప్రశ్నా కోయలో అడిగారు. ఈ కాగితం దేనికో తెలుసా అంటే అతను తల ఊపాడు. తెలుసట. కూలి లెక్క కాగితమట. వారం కూలి ముట్టినట్టు రాయించుకుంటున్నారనుకుని వేలు వేశాడట.

హాల్లో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చెప్పడం అంటే వినిపించడం కాదు, అర్థమయ్యేలా చెప్పడం అని గతవారమే కదా సుప్రీంకోర్టు అన్నది. ఆ మాటే నిలబడి అన్నాను. అయ్యగారు రిమాండ్ తిరస్కరించారు. పిలిచినప్పుడు వస్తానని సొంత బాండు రాయించుకుని వదిలారు. ఆ బాండులో ఏముందో కూడా అటెండరు గారు కోయలో రెండుసార్లు చెప్పాకే వేలిముద్ర వేయించారు.

15 నవంబర్, శనివారం

మోటారు కేసు కుర్రాడికి బుధవారం బెయిలు వచ్చింది. మనిషి మాత్రం ఇంకా సబ్‌జైల్లోనే ఉన్నాడు. ఇద్దరు జామీనుదారులు కావాలి, చెరో పదివేలకి. ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాస్‌బుక్కో తేవాలి. వాళ్లది పోరంబోకులో రేకుల ఇల్లు. తెలిసినవాళ్లందరివీ అవే ఇళ్లు.

1978లో మోతీరామ్ కేసు ఇదే. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రి. అక్కడా పదివేలే అడిగారు. జామీనుకి వచ్చిన అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత బాండు మీద అతన్ని వదలమన్నారు. ఎక్కడో బస్తర్‌లో అరెస్టయిన తెలుగువాడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడని ఆ తీర్పులోనే ఆయన అడిగారు. గురువారం మా హాల్లో నిలబడ్డ కూలీ ఎదురు దారిన వచ్చాడు. ప్రశ్న మాత్రం అదే.

బెయిలు వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏడు రోజులు నిండేదాకా ఆగను. షరతు సడలించమని సోమవారమే పిటిషన్ వేస్తాను.

18 నవంబర్, మంగళవారం

పేకాట కేసులో ఆరుగురు. ఇలాంటి చిన్న కేసుల్లో మొదటిరోజే నేరం ఒప్పుకుంటారా అని అడుగుతారు. రిమాండ్ రోజుకీ దీనికీ ఉన్న తేడా ఇదే. అయిదుగురు జరిమానా కట్టి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాలని తొందరపడుతున్నారు. ఆరోవాడు డిగ్రీ చదువుతూ ఉద్యోగ పరీక్షలకి తయారవుతున్నాడు. ఆడలేదు, పక్కన కూర్చున్నానంటాడు. “అందరూ ఒప్పుకుంటున్నారు కదా మేడం, ఐదారువందలతో పోతుంది” అన్నాడు. డబ్బుతో పోయేది డబ్బే. ఒప్పుకుంటే అది శిక్ష పడిన కేసు అవుతుంది, రేపు ఉద్యోగం కాగితంలో ఎప్పుడైనా శిక్ష పడిందా అన్న గడి దగ్గర ఆగిపోతావు అన్నాను. ఆలోచించుకోవడానికి వాయిదా అడగొచ్చని అతనికి తెలియదు. అడిగించాను. ఇచ్చారు.

22 నవంబర్, శనివారం

సబ్‌జైలుకి వెళ్లాను. మోటారు కుర్రాడు నన్ను గుర్తుపట్టాడు. ఆ రోజు అన్నిటికీ ఏం లేదన్నావెందుకు అని అడిగాను. చాలాసేపు నేలవైపు చూశాడు.

“చెబితే మళ్లీ వాళ్లకే అప్పగిస్తారనుకున్నా అక్కా.”

ఇది నాకు తట్టనే లేదు. కోర్టు నుంచి జైలుకి వెళ్తాడని నాకు తెలుసు. స్టేషన్‌కే తిరిగి వెళ్తానని అతను అనుకున్నాడు. జ్యుడీషియల్ కస్టడీ వేరు, పోలీసు కస్టడీ వేరు. పోలీసులు మళ్లీ తీసుకెళ్లాలంటే వేరే పిటిషన్ వేయాలి, మన మాట విన్నాకే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వాలి, అదీ మొత్తం కలిపి పదిహేను రోజులు మించకూడదు. ఈ నాలుగు మాటలు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఆరు నిమిషాలు వేరేలా గడిచేవి.

ఇంటికొచ్చాక మా మేనమామ గుర్తొచ్చాడు. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా గట్టు తగాదాలో ఆయన్ని తీసుకెళ్లారు. మేమంతా కోర్టు చెట్టుకింద నిలబడ్డాం. లోపలికి వెళ్లొచ్చని తెలియదు, లాయరుని ఉచితంగా ఇస్తారని తెలియదు. మామయ్య లోపల ఏమీ చెప్పలేదట. పక్కటెముక విరిగిందని జైలు నుంచి వచ్చాక ఎక్స్‌రేలో తెలిసింది. అప్పటికి ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. మామయ్య మళ్లీ మునుపటిలా బరువు ఎత్తలేకపోయాడు. నేను లా చదవడానికి కారణం అదేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

24 నవంబర్, సోమవారం

షరతు సడలింది. సొంత బాండు మీద కుర్రాడు సాయంత్రం విడుదలయ్యాడు. శిక్ష పడని మనిషి ఇరవై ఒక్క రోజులు జైల్లో ఉన్నాడు. అందులో పన్నెండు బెయిలు వచ్చిన తర్వాతివి.

26 నవంబర్, బుధవారం

రాజ్యాంగ దినం. పొద్దున కోర్టు ఆవరణలో అందరం నిలబడి పీఠిక చదివాం. చదువుతున్నంతసేపూ నా మనసు 22వ అధికరణం మీదే ఉంది. ప్రాణానికీ స్వేచ్ఛకీ చట్టం చెప్పిన పద్ధతి ఒక్కటే రక్ష అని ఊరుకోవడం చాలదన్న అసంతృప్తి రాజ్యాంగ సభలో చాలామందికి ఉండేది. ఆ లోటు కొంతైనా పూడ్చడానికే 1949 సెప్టెంబర్ 15న అంబేడ్కర్ 15-ఏ అనే కొత్త అధికరణాన్ని ప్రతిపాదించారు. కారణం చెప్పాలి, లాయరుని కలవనివ్వాలి, 24 గంటల్లో హాజరుపరచాలి అన్నవి అందులోవే. అదే తర్వాత 22 అయింది. అంటే ఈ మూడు మాటలూ లోటు చూసి, పట్టుబట్టి చేర్చినవి. వాటిని పుస్తకంలోనే వదిలేయకూడదు.

అయ్యగారి అనుమతి అడిగాను. ముద్దాయిల్ని కూర్చోబెట్టే వరండా గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించుకోనిచ్చారు. అందులో ఆరు మాటలున్నాయి.

నిన్ను ఎందుకు పట్టుకున్నారో నీకు అర్థమయ్యే భాషలో రాసిన కాగితం నీ చేతికివ్వాలి.

నీవాళ్లలో ఒకరికి కబురు పంపాలి.

దారిలో గడిచిన సమయం పోను, పట్టుకున్న 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకి తేవాలి.

నీకు లాయరు లేకపోతే ఉచితంగా ఇస్తారు. నువ్వు అడగకపోయినా ఇవ్వాలి. ఫోను నంబరు 15100.

దెబ్బలుంటే మేజిస్ట్రేట్‌కి చెప్పు. చెప్పినందుకు నిన్ను తిరిగి పోలీసులకి అప్పగించరు. డాక్టరు రిపోర్టు నకలు నీకివ్వాలి.

నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పక్కర్లేదు. అర్థంకాని కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకు.

మధ్యాహ్నం తెచ్చిన మనిషి, యాభై ఏళ్లవాడు, బెంచీ మీద కూర్చుని ఆ కాగితాన్ని పెదవులు కదుపుతూ చదవడం చూశాను. లోపల అయ్యగారు ఏమైనా చెప్పుకునేది ఉందా అన్నారు. “ఉంది సార్. నాకు కాగితం ఇయ్యలేదు” అన్నాడు.

ముద్దాయి అడిగాడు.

రేపు అటెండరు గారితో కూర్చుని ఈ ఆరు మాటలూ కోయలో, తెలుగు లిపిలో రాయించాలి.